గుమ్మడిటేకు కళ్ళజోడు

నేను ఎవరినీ ఊరికే నమ్మను. గొప్ప కోసం చెప్పుకునే మాట కాదిది, చేసిన పని అంటించిన గుణం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళకు పైగా ప్యాటర్న్ షాపులో పనిచేశాను. ఏ లోహపు వస్తువునైనా పోత పోయాలంటే ముందు దాని రూపాన్ని కొయ్యతో చేసి ఇవ్వాలి. ఆ రూపాన్ని ఇసుకలో అదిమి, తీసేసి, ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. కొయ్య రూపం చేసే వడ్రంగులం మేము. కొయ్యంత వేషగాడు ఇంకొకడు లేడు. వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో వంకర తిరుగుతుంది, పైకి నున్నగా కనిపిస్తూ లోపల ముడి దాచుకుంటుంది. అందుకని ఏ పలక చేతికొచ్చినా తట్టి, వాసన చూసి, అంచు తిప్పి చూసేవాణ్ణి. రిటైరయ్యాక పలకలు పోయాయి గానీ ఆ చూపు పోలేదు. గోల్‌బజారులో వంకాయలను కూడా అలాగే తట్టి చూస్తున్నానని మా ఆవిడ నాతో బజారుకు రావడం మానేసింది.

ఇది మా ఆవిడ కళ్ళజోడు సంగతి. మొన్న చలికాలం చివర ఆమె కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. చూపు బాగానే వచ్చింది. వెలుతురే పడలేదు. నల్లద్దాలు లేకుండా ఎండలోకి వెళ్ళవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆసుపత్రిలో ఇచ్చిన నల్ల ప్లాస్టిక్ జోడు ముఖానికి అచ్చంగా సరిపోయింది. కానీ మూడో రోజుకల్లా చెవుల వెనక, ముక్కు మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. సన్న తీగ ఫ్రేము కొని తెచ్చాను. దానికి మూడు రోజులు కూడా పట్టలేదు. చర్మం డాక్టరు చూసి, కొందరి ఒంటికి ఇలాంటివి పడవని, కొయ్యదో వెదురుదో కొమ్ముదో ఫ్రేము దొరుకుతుందేమో చూడమని అన్నాడు. ఆయన చెప్తున్నంతసేపూ నేను ఆయన పెట్టుకున్న కళ్ళజోడు వంక చూస్తూ కూర్చున్నాను. అది ప్లాస్టిక్‌దే.

ఇంట్లో కూర్చునే మనిషైతే ఏ గొడవా లేదు. మా ఆవిడకు వేసవి బడి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మావి. మా పిల్లలు బడిలో ఇంగ్లీషు, హిందీ చదువుతారు, వీధిలో బెంగాలీ మాట్లాడతారు. తెలుగు నోటికి వస్తుంది గానీ చేతికి రాదు. పన్నెండేళ్ళుగా మా ఆవిడ వేసవి సెలవుల్లో గుడి పక్క హాల్లో వాళ్ళకు అక్షరాలు దిద్దిస్తోంది. ఉదయం తొమ్మిదిన్నరకు మొదలు. ఇంటి నుంచి పావుగంట నడక, దారంతా ఎండ. ఈ ఏడు బడి నడవకపోతే హాలును ట్యూషన్ మాస్టారికి ఇచ్చేస్తామని గుడి కమిటీ నుంచి కబురొచ్చింది. ఒకసారి ఇచ్చారంటే ఇక మళ్ళీ రాదు. సెలవులకు అప్పటికి నెల కూడా లేదు. ఆమె పలకలన్నీ కడిగి ఎండబెట్టుకుంది, అదీ నన్నే బయట పెట్టమని చెప్పి.

ఆమెకు గొడుగు పట్టి, కళ్ళకు తడిగుడ్డ కట్టి టోటోలో, అదే బ్యాటరీ ఆటోలో, గోల్‌బజారు తీసుకెళ్ళాను. అక్కడో కళ్ళజోళ్ళ కొట్టుంది. కొట్టతను బెంగాలీవాడు, అందరూ దాదా అంటారు, మెత్తని మనిషి. అంత మెత్తగా మాట్లాడేవాళ్ళంటే నాకు ముందునుంచీ అనుమానమే. మా అవసరం విని లోపలికెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి మూడు ఫ్రేములు వరసగా పెట్టాడు. కొయ్య, వెదురు, గేదె కొమ్ము.

"సబ్ ఖాఁటీ, కాకు" అన్నాడు. అన్నీ అసలువే, బాబాయ్ అని. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

కొయ్య ఫ్రేము తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎవరైనా ముఖం చూస్తారు, నేను అంచు చూస్తాను. అసలు కొయ్య అయితే పైన గీతల్లా కనిపించే పోగులు అంచు దగ్గరికి వచ్చేసరికి చుక్కలుగా తేలాలి. దీని గీత మలుపు దగ్గర కూడా గీతగానే తిరిగింది. అంటే కాగితం మీద అచ్చు వేసి అంటించారు. గోటితో గీరితే లేచి వచ్చింది. దాదా ముఖం ఎర్రబడింది. తనకు తెలియదని, కలకత్తా నుంచి అలాగే వచ్చిందని అన్నాడు. తెలియదన్న మాట నేను నమ్మలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, పాపం, నిజంగానే తెలియదేమో అనిపిస్తుంది.

వెదురుది అసలుదే. కానీ వెదురు కర్ర కాదు, గడ్డి. సన్న బద్దలు జిగురుతో అతికించి చేశారు. ఖరగ్‌పూర్ చెమటకు ఆ జిగురు ఎన్నాళ్ళు నిలుస్తుంది? పైగా ఎంత ఉడకబెట్టినా వెదురుకు పుచ్చు పురుగు పట్టదని ఎవరు పూచీ? కళ్ళజోడులోంచి కంట్లోకి పొడి రాలితే ఆపరేషన్ చేసిన కన్ను ఏం కావాలి? దాన్ని పక్కన పెట్టేశాను.

ఇక కొమ్ము. చేతిలోకి తీసుకుంటే నాకే ముచ్చటేసింది. బెల్లం పాకంలా గోధుమ రంగు, మధ్యలో నల్లని చారలు. వెలుతురుకెత్తి పట్టుకుంటే లోపల వెంట్రుకల్లాంటి సన్నని గీతలు, కుడి పక్క ఒక రకంగా, ఎడమ పక్క ఇంకో రకంగా ఉన్నాయి. దొంగ సరుకైతే రెండు పక్కలా ఒకటే బొమ్మ వేసి ఉంటారు. అయినా సూది కాల్చి గుచ్చితే గానీ తేలదు, వెంట్రుక కాలిన వాసన రావాలి. కొవ్వొత్తి ఇమ్మన్నాను. దాదా ఫ్రేము లాక్కుని, డ్రాయరులోంచి విరిగిపోయిన కొమ్ము కాడ ముక్కొకటి తీసి ఇచ్చి, ఇంటికెళ్ళి దీన్ని కాల్చుకోండి అన్నాడు.

అప్పుడు మా ఆవిడ, అంతసేపూ బల్ల మీద కూర్చున్న మనిషి, అడిగింది.

"అది దేని కొమ్ము?"

"గేదెదంటన్నాడు. ఆడి మాట నమ్మితే అయినట్టే. రోజూ గుడి ఆవరణలోకి ఎల్లే మనిషివి, ఆవుదో గేదెదో తెలీని కొమ్ము ముఖానికెట్టుకుంటావేటి? అక్కర్నేదు, పద" అన్నాను.

ఆమె లేచింది. టోటోలో తడిగుడ్డ మళ్ళీ కట్టుకుని కూర్చుంది.

ఎవరి సరుకూ వద్దు, నేనే చేస్తానని ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను. కానీ నా కొయ్యను కూడా నేను నమ్మలేదు. షాపులో టేకు కోసిన రోజు కొందరికి చేతులు దురదలు పెట్టడం చూశాను. షీషమ్ కర్ర అయితే ఇంకా కొంటెది, తుమ్ములు ఆగవు. అందుకని టేకు, వెదురు, గుమ్మడిటేకు, దాదా ఇచ్చిన కొమ్ము ముక్క, నాలుగింటినీ గోరంత బిళ్ళలుగా చేసి మా ఆవిడ మోచేతి కింద పక్కపక్కన పెట్టి గుడ్డ కట్టాను. రెండు రోజులు విప్పొద్దని చెప్పాను.

"నా సెయ్యేటి నోటీసు బోర్డనుకున్నారా?" అంది గానీ విప్పలేదు.

మూడో రోజు పొద్దున్న విప్పితే టేకు పెట్టిన చోట రూపాయి బిళ్ళంత ఎర్రగా ఉంది. మిగతా మూడింటి కింద చర్మం మామూలుగానే ఉంది. వెదురు ఎలాగూ వద్దు, కొమ్ము అసలే వద్దు. మిగిలింది గుమ్మడిటేకు. ప్యాటర్న్ పనిలో మేము బాగా ఇష్టపడే కర్ర అది. తేలిక, లేత పసుపు, ఎండకూ వానకూ పెద్దగా కదలదు. నా జన్మలో నేను సగమైనా నమ్మిన కర్ర ఏదైనా ఉంటే అదే.

వరండాలో బల్ల వేసుకున్నాను. ఆసుపత్రివాళ్ళ ప్లాస్టిక్ జోడు ఆమెకు సరిపోయింది కాబట్టి, దాని కాడ లోపల అచ్చు వేసిన కొలతలే తీసుకున్నాను. అద్దం వెడల్పు, ముక్కు దూలం, కాడ పొడవు. సన్న పలకలు మూడు, పోగులు అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి వచ్చేలా అతికించాను. బజారు వెదురు జిగురును తిట్టినవాణ్ణి నేనూ జిగురే వాడానని మా ఆవిడ గుర్తు చేసింది. నా జిగురు వేరని చెప్పాను. ప్రతి కొలతా మూడేసి సార్లు సరిచూసుకున్నాను. రంగు వెయ్యలేదు, వార్నిష్ అసలే వెయ్యలేదు. కొబ్బరి నూనె ఒక్కటి రుద్దాను. ఇత్తడి బందులు చర్మానికి తగలకుండా బయటి పక్క పెట్టాను. నల్లద్దాలు దాదా కొట్టులోనే బిగించుకొచ్చాను. అతను అటూ ఇటూ తిప్పి చూసి, చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. అందులో వెటకారం ఏమైనా ఉందా అని దారంతా ఆలోచించాను.

ఆమె పెట్టుకుని అద్దంలో చూసుకుంది. నవ్వింది. గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల దాకా నడిచింది. వంగి చెప్పులు వేసుకోబోయి ఆగింది.

"జారతన్నాదండి" అంది.

"ఎలగ జారుతుంది? పెట్టుకోవడం సరిగ్గా లేదు. ముక్కు మీద నూనె తుడుచుకో."

తుడుచుకుంది. మళ్ళీ వంగింది. మళ్ళీ జారిందని అంది. నాకు ఒళ్ళు మండింది. దగ్గరికెళ్ళి దారం పెట్టి ఆమె ముక్కు కొలిచాను. ఇది గొప్పగా చెప్పుకునే పని కాదని తెలుసు, అయినా జరిగింది జరిగినట్టు చెప్తున్నాను. ఫ్రేము కొలిచాను, ప్లాస్టిక్ కాడ మీద ఉన్న అంకె ఎంతో అంతే ఉంది. "కొలత తప్పునేదు. తప్పు ముక్కుదే" అన్నాను. లోపల ఇంకో అనుమానం కూడా ఉంది. ఇంట్లో చేసిందంటే ఆమెకు చులకన, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. బజారులో కొన్నదైతే జారినా జారిందనదు.

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. సెలవులిచ్చారు, బడి మొదలైంది. రోజూ తొమ్మిది దాటాక సంచీ భుజాన వేసుకుని, నా కళ్ళజోడు పెట్టుకుని, గొడుగు పట్టుకుని బయల్దేరేది. నేను గుమ్మంలో నిలబడి మలుపు తిరిగేదాకా చూసేవాణ్ణి. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే బాగుందనేది. పన్నెండు రోజులు అలాగే గడిచింది. హాలు మాకే ఉంటుందని కమిటీవాళ్ళు కూడా అన్నారు. నేను మీసం మీద చెయ్యేసుకుని తిరిగాను.

పదమూడో రోజు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు కళ్ళజోడు బల్ల మీద కనిపిస్తే తుడుద్దామని చేతిలోకి తీసుకున్నాను. ముక్కు ఆనే చోట చూశాను. లేత పసుపు, చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. గుమ్మడిటేకు నూనెతో వదిలేస్తే మనిషి చెమటకు నాలుగు రోజుల్లో నల్లబడాలి. నా ఉలి పిడి అలాగే నల్లబడింది. మే నెల ఎండలో పన్నెండు రోజులు పెట్టుకున్న జోడుకు చెమట మచ్చ లేదంటే, అది పెట్టుకోలేదనే అర్థం.

నా బుర్రలో రంపం తిరగడం మొదలైంది. అయితే దారిలో ఏం పెట్టుకుంటోంది? దాదా దగ్గర ఆ కొమ్ముది నాకు తెలియకుండా కొనుక్కుందా? లేక ఎవరైనా పెద్దమనిషి సాయం చేసి వేరేది తెచ్చిచ్చారా? బడికే వెళ్తోందా? ఇన్నేళ్ళ సంసారంలో ఆమె నాకు అబద్ధం చెప్పిన గుర్తు లేదు. గుర్తు లేకపోవడం కూడా అనుమానంగానే తోచింది.

ఆ రోజు ఆమె బయల్దేరాక గుమ్మంలో నిలబడినట్టే నిలబడి, మలుపు తిరగగానే చెప్పులు చేతబట్టుకుని వెనకాల నడిచాను. అరవై దాటిన మనిషిని, భార్య వెనకాల దొంగలా వెళ్తున్నాను. ఎదురింటి దీదీ చూసి పలకరించబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

మలుపు దాటి పది అడుగులు వేశాక ఆమె క్వార్టర్స్ గోడ నీడలో ఆగింది. కళ్ళజోడు తీసింది. జేబురుమాలులో జాగ్రత్తగా చుట్టి సంచీలో పెట్టింది. ఇప్పుడు రెండోది తీస్తుందని కళ్ళు చిట్లించి చూస్తున్నాను. ఆమె ఏమీ తీయలేదు. చీర కొంగు నుదుటి దాకా లాక్కుంది. గొడుగు ముఖం మీదికి వంచింది. కళ్ళు మూసుకుంది. ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ నడవడం మొదలుపెట్టింది. గోడ అయిపోయిన చోట ఆగి, ఒక్క క్షణం కళ్ళు తెరిచి, నీళ్ళు కారుతుంటే తుడుచుకుని, కాలువ మీద రాతి పలక ఎక్కడుందో కాలివేళ్ళతో వెతికింది. ఒక టోటో ఆమెను రాసుకుంటూ పోయింది.

పరుగెత్తి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఉలిక్కిపడింది, నేనని తెలిసి ఇంకా భయపడింది. ఆ భయం చూస్తే నాకు తల తీసేసినట్టయింది.

"ఏటిది? పన్నెండు రోజులూ ఇలగే ఎల్తన్నావేటి?"

"మరేటి సెయ్యను? రోడ్డు మీద అడుగేస్తే సాలు జారతన్నాది. పిల్లల సెయ్యి పట్టుకుని దిద్దించడానికి వొంగితే పలక మీద పడతన్నాది. ఒకపాలి అద్దం పగిలిపోద్దనుకున్నాను."

"నాకెందుకు సెప్పలేదు?"

ఆమె కళ్ళు మూసుకునే ఉంది. నీళ్ళు కారుతున్నాయి, అవి ఎండకు వచ్చినవో కాదో నాకు తెలియదు.

"సెప్పినాను కాదేటి. సెప్తే నా ముక్కు కొలిసినారు. మళ్ళీ సెప్తే తలకాయ కొలుస్తారు. గుమ్మంలో నిలబడి సూస్తారని అక్కడ్దాకా పెట్టుకుంటన్నాను."

గొడుగు నేను పట్టుకుని ఆమెను హాలు దాకా నడిపించాను. పిల్లలు అప్పటికే వచ్చి ఉన్నారు. ఆమె గుణింతాలు చెప్పించుకుంటుంటే నేను మూల కుర్చీలో కూర్చుని ఆ ఫ్రేము ఒళ్ళో పెట్టుకున్నాను. తప్పెక్కడుందో అప్పటికీ బోధపడలేదు. ఆమె సంచీలో పలకల మధ్య పిల్లలకు గీతలు కొట్టడానికి ఉంచిన ప్లాస్టిక్ స్కేలొకటి కనిపించింది. ఏమీ తోచక దాంతో కొలిచాను. ఫ్రేము నేను అనుకున్న దానికంటే మూడు మిల్లీమీటర్లు వెడల్పుంది. కాడలు కూడా అంతే పొడవెక్కువ. మొదట అనుమానించింది ఆ పిల్లల స్కేలునే, బజారు సరుకు కదా. తర్వాత దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుండిపోయాను.

కరిగిన లోహం చల్లారినప్పుడు కుదించుకుపోతుంది. అందుకని కొయ్య రూపాన్ని కావలసిన దానికంటే కాస్త పెద్దగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టుకోనక్కర్లేకుండా మా షాపు స్కేలులోనే ఒక్కో సెంటీమీటరు వెంట్రుకవాసి పొడుగ్గా గీసి ఉంటుంది. చూడ్డానికి మామూలు స్కేలే. నేను ఉద్యోగమంతా వాడింది, ఇంటికి తెచ్చుకుంది, ఆ కళ్ళజోడును మూడేసి సార్లు కొలిచింది దాంతోనే. కొట్టును అనుమానించాను, వెదురును, కొమ్మును, టేకును, డాక్టరును, చివరికి కట్టుకున్న మనిషి ముక్కును అనుమానించాను. నా చేతిలో ఉన్న స్కేలు మాత్రం నాకు దేవుడి మాట. ఉక్కు కుదించుకుపోతుంది గానీ మనిషి ముఖం ఎందుకు కుదించుకుపోతుంది?

తిరిగొస్తూ దారిలో ఆ మాటే చెప్పాను. కొత్తది చేస్తాను, రెండు రోజులు ఆగమన్నాను. ఆమె కొంగు కింద నుంచి, నెమ్మదిగా, కోపం లేకుండా అంది.

"నాకు కొయ్యదొద్దండి. ఆ కొమ్ముది నచ్చినాది."

"నువ్వే కదా దేని కొమ్మని అడిగినావు?"

"అడిగినాను. తెలుసుకుందామని అడిగినాను. గేదె కొమ్మయితే నాకేటి అడ్డం, మా అమ్మ కొమ్ము దువ్వెనతోనే తల దువ్వింది. వద్దన్నది మీరు. ఏది గావాలని నన్ను అడిగినారేటి?"

అడగలేదు. ఆమె చేతికి నాలుగు బిళ్ళలు కట్టాను, ఆమె ముక్కుకు దారం పెట్టాను, ఆ ఒక్క మాట అడగలేదు. మిగతా దారంతా గొడుగు సరిగ్గా పట్టుకోవడం మీదే ధ్యాస పెట్టాను.

మర్నాడు దాదా కొట్టులో ఆమె తనంతట తానే పెట్టుకుని చూసుకుంది. నేను కొవ్వొత్తి అడగలేదు. అతను నా వంక రెండుసార్లు అనుమానంగా చూశాడు, ఈయనకు ఒంట్లో బాగుందా అన్నట్టు. కొమ్ముతో నేనెప్పుడూ పనిచేయలేదు, దాని గుణం నాకు తెలియదు. ఎక్కడైనా నొక్కితే గోరువెచ్చటి నీళ్ళకంటే కాస్త వేడిగా ఉన్న నీళ్ళలో ముంచి మెత్తబడ్డాక వంచుకోవాలని దాదా చెప్పాడు. నోరు మూసుకుని విన్నాను. నల్లద్దాలు బిగించి ఆ సాయంత్రమే ఇచ్చాడు.

తర్వాతి రోజు ఆమె బయల్దేరింది. ఎలా ఉందని అడిగితే బాగుందంది. అంతకుముందు పన్నెండు రోజులూ బాగుందనే చెప్పింది. ఆ మాట నిజమో కాదో తట్టి చూడ్డానికి నా దగ్గర ఏ ఉపాయమూ లేదని నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఆమెను అలా చేసింది నేనే. అందుకని గుమ్మంలో నిలబడలేదు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని ఫ్యాను వంక చూస్తున్నాను. లేచి వెళ్ళి మలుపు దగ్గర తొంగి చూడాలని కాళ్ళు పీకాయి. కూర్చునే ఉన్నాను.

ఐదు నిమిషాలు కాకుండానే గేటు చప్పుడైంది. ఆమె తిరిగొచ్చింది. సంచీ కింద పెట్టి, కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టింది.

"ఎడం సెవి ఎనకాల నొక్కతన్నాది. బేగి సరిసెయ్యండి, పిల్లలు కాసుకునున్నారు" అంది, విసుగ్గా.

నేను స్టవ్ మీద నీళ్ళు పెట్టాను. కొలవలేదు. ఎక్కడ నొక్కుతోందని అడిగాను. ఆమె నా వేలు పట్టుకుని తన చెవి వెనక ఆ చోట ఆనించి చూపించింది.